పాలకన్నా ముందు వెచ్చదనం

చెన్నైలో వానలు పడే నెలల్లో అపార్ట్‌మెంటు మోటారు గదిలోంచో, మెట్ల కింద పడేసిన పాత సామాన్ల మధ్య నుంచో సన్నటి కూతలు వినిపించడం మామూలే. వాచ్‌మన్ టార్చి వేసి చూస్తే గోనెసంచి మీద మూడో నాలుగో పిల్లికూనలు, ఇంకా కళ్ళు కూడా తెరవనివి. సంగతి పై అంతస్తులకు పాకేలోగా ఎవరో ఒకరు ఫ్రిజ్ తెరిచి, ఆవిన్ పాలు గిన్నెలో పోసుకుని కిందికి దిగివస్తారు. మంచి మనసుతో చేసే పనే. అయితే ఆ కూనలకు అప్పుడు కావలసిన వాటిలో పాలది మూడో స్థానం. మొదటిది తల్లి, రెండోది వెచ్చదనం. ఈ వరస తప్పితే పట్టిన పాలే ప్రాణం మీదికి తెస్తాయి.

అప్పుడే పుట్టిన పిల్లికూన బరువు సుమారు 100 గ్రాములు. తల్లి కడుపులో ఉన్నది 63 నుంచి 65 రోజులే. ఆవుదూడ పుట్టిన గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది. పిల్లికూనకు కళ్ళు మూసుకుని ఉంటాయి, చెవి రంధ్రాలు మూసుకుని ఉంటాయి. అది నడవలేదు, చలేస్తే వణకలేదు, తనంతట తాను మూత్రం పోయలేదు. ఎలుకల వెంట, పక్షుల వెంట పరుగెత్తి బతికే జంతువు బరువైన కడుపుతో ఎక్కువ కాలం వేటాడలేదు. అందుకే పిల్లల్ని తొందరగా కనేసి, మిగిలిన ఎదుగుదలను బయట పూర్తి చేయిస్తుంది. అంటే మొదటి మూడు వారాలూ కూన శరీరం చేయలేని పనులన్నీ తల్లి శరీరమే చేసిపెడుతుంది. తల్లి లేనప్పుడు మనం చేయాల్సింది ఆ పనులను ఆ వరసలోనే చేయడం.

తల్లి నిజంగా లేదా?

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన సామెత. ఇళ్ళ లెక్క ఎలా ఉన్నా తిప్పడం మాత్రం నిజం. ఒకచోట వాసన పేరుకుంటే, మనుషుల అలికిడి ఎక్కువైతే, పిల్లల్ని చంపే గండుపిల్లి ఆ చుట్టుపక్కల తిరుగుతుంటే తల్లి కాపురం మారుస్తుంది. ఒక్కో కూననే నోట కరుచుకుని తీసుకుపోవాలి కాబట్టి, నాలుగు కూనలున్న తల్లి సగం పనిలో ఉండగా ఇక్కడ రెండు, అక్కడ రెండు ఉంటాయి. సరిగ్గా ఆ సమయానికి అటు వెళ్ళినవాళ్ళకు కనిపించేవి రెండు ‘అనాథ’ కూనలు. వాటిని అట్టపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చుకుంటే మనం చేసింది రక్షణ కాదు, అపహరణ.

తల్లి నోట కరిచి ఎత్తినప్పుడు కూన ఏం చేస్తుందో చూడండి. ఏమీ చేయదు. మెడ వెనక తోలు పట్టగానే ఒళ్ళంతా వదిలేసి, వెనక కాళ్ళూ తోకా పొట్ట వైపు ముడుచుకుని వేలాడుతుంది. అది భయం కాదు, పుట్టుకతో వచ్చిన ప్రతిచర్య. కదలకుండా ఉంటే తల్లి గోడ దూకేటప్పుడు పట్టు జారదు. దీన్ని మనవాళ్ళు ఏనాడో గమనించారు. శరణాగతి గురించి శ్రీవైష్ణవుల్లో సాగిన పెద్ద చర్చలో కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుందని, పిల్లికూనను తల్లే పట్టుకుంటుందని చెప్పి, మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని రెండు పక్షాలు నిలబెట్టారు. చెన్నైలో తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి గుడిలో నడిచేది మార్జాల పక్షం చెప్పే తెన్కలై సంప్రదాయమే. వేదాంతం మాట ఎలా ఉన్నా, ఆ పరిశీలనలో తప్పు లేదు. మనం మాత్రం కూనను మెడ తోలు పట్టి ఎత్తకూడదు. పొట్ట కింద అరచెయ్యి పెట్టి ఎత్తాలి.

తల్లి వస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ముగ్గు కోసం ఇంట్లో ఉంచుకునే బియ్యప్పిండిని కూనల చుట్టూ నేల మీద పల్చగా, గుండ్రంగా చల్లాలి. తల్లి వచ్చి వెళితే పిండిలో అడుగులు పడతాయి. పిండి చల్లాక అక్కడే నిలబడితే లాభం లేదు. మనుషులుండగా తల్లి రాదు, దూరంగా వెళ్ళిపోవాలి. ఊరు సద్దుమణిగాక వచ్చే పిల్లులే ఎక్కువ. కూనల పొట్టలు గుండ్రంగా ఉండి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటే తల్లి చుట్టుపక్కలే ఉందన్నమాట. ఒళ్ళు చల్లబడి, పొట్టలు లోపలికి పోయి, ఆగకుండా కూస్తుంటే ఇక ఎదురుచూసే సమయం కాదు. నీళ్ళు చేరుతున్నా, గండుచీమలు పట్టినా, కుక్కలో కాకులో పొంచి ఉన్నా కూనల్ని అదే ఆవరణలో పొడి చోటికి జరపవచ్చు. మనిషి చెయ్యి తగిలిన పిల్లల్ని తల్లి వదిలేస్తుందన్నది అపోహ. తల్లికి తిండీ నీళ్ళూ కూనల పక్కనే పెడితే ఆ వాసనకు కుక్కలు చేరతాయి. కాస్త ఎడంగా పెట్టాలి.

వెచ్చదనం లెక్క

తల్లి లేదని తేలాక చేయాల్సిన మొదటి పని ఒళ్ళు వెచ్చబరచడం. దీని వెనక ఉన్నది చిన్న లెక్కే. పెద్ద పిల్లి బరువు 4 కిలోలనుకుందాం. కూన 100 గ్రాములు. బరువులో తేడా 40 రెట్లు. ఒంటి ఉపరితలంలో తేడా మాత్రం దాదాపు 12 రెట్లే. వేడి తయారయ్యేది ఒంట్లో, పోయేది ఉపరితలం నుంచి. గ్రాముకు లెక్కవేస్తే కూన ఒంటి నుంచి వేడి పోయే దారి పెద్ద పిల్లికున్నదానికి మూడు రెట్ల పైమాటే. కాగులో నీళ్ళు చాలాసేపు వేడిగా ఉంటే, చిన్న గ్లాసులో కాఫీ మాట్లాడుతుండగానే చల్లారిపోయేది ఈ లెక్కవల్లే. దానికి తోడు కూనకు వణుకు రాదు. భుజాల మధ్య ఉండే గోధుమరంగు కొవ్వును కరిగించి కాస్త వేడి పుట్టించుకుంటుంది కానీ ఆ నిల్వ ఎంతోసేపు రాదు.

పెద్ద పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. మొదటి వారం కూనకు 35 నుంచి 37 ఉంటే మామూలే. నాలుగో వారానికి గానీ పెద్దవాటి స్థాయికి రాదు. అందుకే మొదటి వారం కూనలున్న చోటు 30 నుంచి 32 డిగ్రీలుండాలి. రెండో వారం 27 నుంచి 29 చాలు. నాలుగైదు వారాలకు 24 సరిపోతుంది. చెన్నైలో చలెక్కడిదని నవ్వేవాళ్ళుంటారు. డిసెంబరు రాత్రుల్లో ఇక్కడ 21, 22 డిగ్రీలకు దిగుతుంది. మనకది హాయి. మొదటి వారం కూనకు కావలసినదానికి అది పది డిగ్రీలు తక్కువ. పైన తడిసిన బొచ్చు, కింద తడి సిమెంటు నేల ఉంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

లోతైన అట్టపెట్టె, అడుగున నాలుగు మడతల పాత నూలు చీర, ఒక పక్కన తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సీసా ఉంటే చాలు. సీసా పెట్టెలో సగభాగానికే ఉండాలి. ఎక్కువ వేడనిపిస్తే కూన రెండో సగానికి పాకిపోగలగాలి. ముక్కుతో వేడిని పసిగట్టి అటు పాకడం, చాలనుకుంటే ఇటు జరగడం పుట్టిననాటి నుంచీ దానికి వచ్చు. చల్లబడ్డ కూనను గంటా రెండు గంటల మీద నెమ్మదిగా వెచ్చబరచాలి. వేడినీళ్ళలో ముంచడం, సీసాకు నేరుగా ఆనించడం పనికిరాదు. నడివేసవిలో, అగ్ని నక్షత్రం రోజుల్లో సమస్య తారుమారవుతుంది. డాబా మీద రేకుల కింద పుట్టిన కూనలు ఒకదానికొకటి దూరంగా పడుకుని నోరు తెరిచి రొప్పుతుంటే వాటికి కావలసింది సీసా కాదు, నీడ.

చల్లబడిన కూనకు పాలు ఎందుకు పట్టకూడదు? ఒంటి వేడి 34, 35 డిగ్రీల కిందికి జారితే పేగుల కదలిక ఆగిపోతుంది. పోసిన పాలు అరగక కడుపులో నిలిచి పాడవుతాయి. వెనక్కి పొంగి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చీకే శక్తి కూడా అప్పటికే పోయి ఉంటుంది. థర్మామీటరు లేకపోతే శుభ్రంగా కడుక్కున్న చిటికెనవేలు కూన నోట్లో పెట్టి చూడండి. లోపల వెచ్చగా ఉండి, నాలుక వేలిని చుట్టి గట్టిగా లాగితే పాలకు సిద్ధమైనట్టు. నోరు చల్లగా ఉంటే ఇంకా సీసా పనే మిగిలి ఉంది.

ఆవుపాలు దూడ కోసం

ఏ జంతువు పాలైనా దాని పిల్ల ఎదిగే వేగానికి తగ్గట్టుంటాయి. 19వ శతాబ్దం చివర బాసెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గుస్తావ్ ఫొన్ బూంగె ఈ సంబంధాన్ని పట్టుకున్నాడు. మనిషి బిడ్డ బరువు రెట్టింపు కావడానికి ఆరు నెలల దాకా పడుతుంది, తల్లిపాలలో ప్రొటీన్ ఒక శాతానికి కాస్త అటూ ఇటూ. దూడకు నెలన్నర పడుతుంది, ఆవుపాలలో ప్రొటీన్ మూడు శాతం చిల్లర. పిల్లికూన పది రోజుల నుంచి రెండు వారాల్లో రెట్టింపవుతుంది, తల్లిపాలలో ప్రొటీన్ ఏడు శాతం. ఇక ఆవిన్ నీలం ప్యాకెట్టులో కొవ్వు 3 శాతం, ఆకుపచ్చ ప్యాకెట్టులో 4.5 శాతం. పిల్లిపాలలో అంతకన్నా ఎక్కువ. ఆవుపాలు చిక్కగా ఉంటే అరగవని సగం నీళ్ళు కలిపితే ప్రొటీన్ ఒకటిన్నర శాతానికి పడిపోతుంది. కూన పొట్ట నిండుతుంది, ఒళ్ళు నిండదు. పైగా ఆవుపాలలోని లాక్టోజు పడక విరేచనాలు పట్టుకుంటే 100 గ్రాముల ఒంట్లో నీరు ఇంకిపోవడానికి ఒక్క పూట చాలు.

ఇంకో లోటు టారిన్. మనుషులు ఈ పదార్థాన్ని ఒంట్లోనే తయారు చేసుకుంటారు. పిల్లి తనకు సరిపడా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. టారిన్ లేని తిండి పెట్టిన పిల్లుల కంటి తెర క్షీణిస్తుందని 1975లో తేలింది. దాని లోపంతో గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో పాల్ పియాన్ బృందం చూపించింది. ఆవుపాలలో టారిన్ బాగా తక్కువ. అందుకే పిల్లికూనల కోసమే తయారుచేసే పాలపొడి వాడమంటారు. చెన్నైలో పెంపుడు జంతువుల సామాన్లమ్మే దుకాణాల్లో అది దొరుకుతుంది. దానికన్నా మేలైనది పాలిచ్చే మరో తల్లిపిల్లి. తన కూనలతో పాటు పరాయి కూనలకు పాలివ్వడానికి చాలా పిల్లులు అభ్యంతరం చెప్పవు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందన్న సామెత ఈ వయసుకు అక్షరాలా సరిపోతుంది. తాగే భంగిమ మాత్రం ముఖ్యం. మనిషి బిడ్డను పట్టినట్టు కూనను వెల్లకిలా పట్టుకోకూడదు. తల్లి దగ్గర తాగినట్టే బోర్లా, పొట్ట నేలకు ఆని, తల కొద్దిగా మాత్రమే పైకి ఉండాలి. వెల్లకిలా పెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. పాలు మన ముంజేతి మీద వేస్తే గోరువెచ్చగా తగలాలి. చిన్న సీసా లేకపోతే సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజితో చుక్క చుక్కగా పట్టవచ్చు. ఒక చుక్క వెయ్యడం, గొంతు కదిలిందా చూడడం, తర్వాత ఇంకో చుక్క. ముక్కులోంచి పాల బుడగ వచ్చిందంటే మనం తొందరపడ్డట్టే. 100 గ్రాముల కూన కడుపులో ఒక్కసారికి పట్టేది 4 మిల్లీలీటర్ల దాకానే. కాబట్టి మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా లేచి పట్టాలి. రెండో వారం మూడు నాలుగు గంటలకోసారి, ఆ తర్వాత ఇంకా ఎడంగా.

సరిపోతోందో లేదో వంటింటి డిజిటల్ త్రాసు చెబుతుంది. రోజూ ఒకే వేళకు తూచి రాసుకోవాలి. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒక రోజు పెరగకపోతే జాగ్రత్తపడాలి. తగ్గినా, రెండో రోజూ పెరగకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

తల్లి నాలుక చేసే పని

కొత్తగా కూనను చేరదీసినవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. మూడు వారాల దాకా కూన తనంతట తాను మూత్రం, మలం విసర్జించలేదు. తల్లి తోక కింద నాకుతుంటే ఆ స్పర్శకే విసర్జన జరుగుతుంది. తల్లి ఆ మాలిన్యాన్ని తానే నాకేసి గూడు వాసన లేకుండా ఉంచుతుంది. లేకపోతే ఆ వాసన శత్రువులకు ఆచూకీ చెబుతుంది. మనం గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన దూదితో, ప్రతిసారీ పాలు పట్టే ముందూ తర్వాతా మెల్లగా అద్దాలి. రుద్దితే చర్మం రేగుతుంది. మూడు నాలుగు వారాలకు వెడల్పాటి పళ్ళెంలో ఇసుక పోసిపెడితే కూనలే నేర్చుకుంటాయి. అదే సమయానికి పాలపళ్ళు వస్తాయి, మెత్తటి తిండి మొదలుపెట్టవచ్చు. ఎనిమిది వారాలకు పాలు మానేస్తాయి.

తల్లి ఇచ్చేవాటిలో మనం భర్తీ చేయలేనిది ముర్రుపాలు. పుట్టకముందు మాయ ద్వారా కూనకు అందే రోగనిరోధక ప్రొటీన్లు బహు స్వల్పం. దాదాపు అన్నీ ముర్రుపాలతోనే రావాలి. వాటిని చెక్కుచెదరకుండా రక్తంలోకి తీసుకునే దారి పేగుల్లో పుట్టిన 16, 18 గంటలకే మూసుకుపోతుంది. తల్లిని వెతకడం, తల్లి కోసం ఆగడం మొదటి పని అనడానికి ఇదే అసలు కారణం. ఒక్క రోజు తల్లి దగ్గర తాగిన కూనకూ, అసలు తాగని కూనకూ బతుకు మీద ఆశలో చాలా తేడా ఉంటుంది.

కళ్ళు తెరిచాక

ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య కళ్ళు తెరుచుకుంటాయి. ముందు సన్నటి చీలిక కనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో కన్నంతా తెరుచుకుంటుంది. మొదట అన్ని కూనల కళ్ళూ నీలంగానే ఉంటాయి. అసలు రంగు నెల దాటాక తేలుతుంది. మనం చేత్తో విప్పకూడదు. మూసిన రెప్ప ఉబ్బి చీము కారుతుంటే మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఈ కళ్ళు వైద్యశాస్త్రాన్నే ఒక మలుపు తిప్పాయి. 1960లలో హార్వర్డులో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ పిల్లికూనల ఒక కన్నును కొన్ని వారాల పాటు మూసి ఉంచి, తర్వాత తెరిచారు. కన్ను ఆరోగ్యంగానే ఉంది, మెదడే ఆ కంటి మాట వినడం మానేసింది. పెద్ద పిల్లికి అదే చేస్తే ఏ నష్టమూ కలగలేదు. నాలుగో వారం నుంచి సుమారు మూడు నెలల దాకా చూపు నేర్చుకునే గడువు నడుస్తుందని, అది దాటితే మెదడు మళ్ళీ సులభంగా నేర్చుకోదని తేలింది. 1981లో వాళ్ళిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కూనలు చెల్లించిన మూల్యం గురించి ఇప్పటికీ వాదన ఉంది. ఫలితం మాత్రం మనిషి బిడ్డలకు అందింది. పుట్టుకతో వచ్చే శుక్లాలకు, మెల్లకన్నుకు పెద్దయ్యాక చూద్దామని ఆగకుండా వెంటనే చికిత్స చేయడం వెనక ఉన్నది ఈ పాఠమే. చెన్నైలో 1978లో మొదలైన శంకర నేత్రాలయ వంటి ఆసుపత్రుల్లో పసిపిల్లల కంటి వైద్యం నడిచేదీ ఈ సూత్రం మీదే.

చూపుకున్నట్టే చెలిమికీ గడువుంది. 1980లలో టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ చేసిన పరిశోధనల్లో రెండో వారం నుంచి ఏడో వారం లోపు మనుషుల చేతుల్లో మెలిగిన కూనలు మనిషికి బాగా మాలిమి అయ్యాయి. ఆ వయసులో రోజూ కాసేపు చేతిలోకి తీసుకుంటే జీవితాంతం దానికి మనుషులంటే భయం తక్కువగా ఉంటుంది.

ఇంట్లో ఉన్న విషాలు

మనం నేల తుడిచే ఫినాయిల్, పుండుకు రాసే డెట్టాల్, జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషాలు. మన కాలేయం ఇలాంటి రసాయనాలకు ఒక చక్కెర ఆమ్లాన్ని తగిలించి బయటికి పంపేస్తుంది. పిల్లిలో ఆ పని చేయాల్సిన ముఖ్యమైన ఎంజైము జన్యువు చెడిపోయి ఉంది. తరతరాలుగా మాంసమే తిన్న వంశానికి మొక్కల విషాలను విరిచే అవసరం రాలేదని, ఆ జన్యువు మూలపడిందని శాస్త్రజ్ఞుల వివరణ. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందు కూడా అంతే ప్రమాదకరం. కూనల ఒంటి మీద పేలలాంటి పురుగులు కనిపిస్తే సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి తీయాలి. అవి పీల్చే రక్తమే చిన్న కూనకు పాండురోగం తెస్తుంది. ఏలికపాములు తల్లిపాల ద్వారానే వస్తాయి కాబట్టి రెండు మూడు వారాల వయసు నుంచి డాక్టరు చెప్పిన మోతాదులో నులిపురుగుల మందు పట్టాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీకాలు మొదలవుతాయి, మూడు నెలలకు రేబిస్ టీకా. ఈలోగా మనకు గోళ్ళు గీరుకున్నా, పళ్ళు దిగినా సబ్బుతో 15 నిమిషాలు కడుక్కుని టీకా కోసం ఆసుపత్రికి వెళ్ళాలి. వీధి కూన ఎంత చిన్నదైనా ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఈ ఊరి బాధ్యత

జంతువుల విషయంలో దేశానికి దారి చూపిన ఊళ్ళలో చెన్నై ముందుంటుంది. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల వేపేరిలో ఉంది, చిన్న జంతువులకు అక్కడ వైద్యం దొరుకుతుంది. 1959లో టి.నగర్ వాననీళ్ళలో కొట్టుకుంటున్న రెండు కుక్కపిల్లల్ని ఇంటికి తెచ్చిన విమాన పైలట్ కెప్టెన్ వి. సుందరం కుటుంబం నుంచే బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా పుట్టింది. కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టానికి దారి తీసింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలూ ఆమే. పెంచుకున్న జంతువును ఆకలితోనో దప్పికతోనో బాధపడేలా వదిలేయడం ఆ చట్టం ప్రకారం నేరం. కూనల్ని సంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలి వచ్చేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

బ్లూ క్రాస్ 1964 నుంచి వీధికుక్కల విషయంలో చెబుతూ వచ్చింది ఒక్కటే: చంపితే సంఖ్య తగ్గదు, పుట్టుకలు ఆపితే తగ్గుతుంది. పిల్లులకూ అదే వర్తిస్తుంది. తల్లిపిల్లి కూనలకు పాలిస్తూనే మళ్ళీ కడుపుతో అవుతుంది, ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనుతుంది. ఈసారి మోటారు గదిలో నాలుగు కూనల్ని ఎంత శ్రద్ధగా సాకినా, తల్లిని అలాగే వదిలేస్తే ఏడాది తిరిగేలోగా అదే గదిలో మరో నాలుగు కూస్తాయి. కాబట్టి మీ ఆవరణలో పిల్లి ఈనితే మొదటి ఎనిమిది వారాలూ తల్లినీ పిల్లల్నీ కలిపే ఉంచండి. కూనలు పాలు మానగానే తల్లికి ఆపరేషన్ చేయించండి. అపార్ట్‌మెంటు సంఘంలో తలా కొంచెం వేసుకుంటే ఆ ఖర్చు ఎవరికీ బరువు కాదు.